ఎంతయ్య చేర్చిన కొలత

మా వీధి చివర బీరు ఫ్యాక్టరీలో బీరు తయారుచేసే పెద్దమనిషికి 'కొంచెం' అనే మాట పడదు. చెవిన పడితే చాలు, మెడ దాకా ఎర్రబడిపోయి, "కొంచెం అంటే ఎంత?" అని మీదికొస్తాడు. 'కాస్త', 'సుమారుగా', 'ఓ నాలుగు' లాంటివన్నీ ఆ మాటకి చుట్టాలే కాబట్టి వాటినీ వదలడు. కన్నవాళ్ళు ఆయనకి పెట్టిన పేరు ఒకటి ఉంది. ఎవరి సంగతైనా ఒకసారి వింటే మరిచిపోని నేనే దాన్ని మరిచిపోయానంటే, ఆ పేరు ఏపాటి వాడుకలో ఉందో మీరే చూసుకోండి. వీధి మొత్తానికి ఆయన ఎంతయ్య.

ఒకసారి సెలూన్ అతను కత్తెర ఆడిస్తూ, "వెనకాల కొంచెం తగ్గించమంటారా?" అన్నాడట.

"ఎంత?"

"కొంచెమే సార్."

"నీ కొంచెమా, నా కొంచెమా?" అని లేచి, మెడకి కట్టిన గుడ్డతోనే ఇంటికి పోయి స్కేలు పట్టుకొచ్చాడు. అప్పటిదాకా వరసలో కూర్చున్న ముగ్గురూ, గడ్డాలు పెరిగినా పరవాలేదనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ దగ్గరా ఇదే వరస. "ఈ మాత్రలు నాలుగైదు రోజులు వేసుకోండి" అన్న పాపానికి, "నాలుగా, అయిదా? రెండూ ఒకటే అయితే అంకెలు రెండెందుకు?" అని గొడవ పెట్టుకున్నాడు. ఆవిడకి తిక్కరేగి చీటీ మీద నాలుగున్నర అని రాసి పడేసింది. ఎంతయ్య మహా సంతోషంగా ఇంటికొచ్చి, అయిదో రోజు మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే మిగిలిన మాత్రలు చెత్తబుట్టలో వేశాడు.

ఆయన భార్య శాంతమూర్తి. కాకపోతే ఈపాటికి ఏదో ఒకటి జరిగిపోయేది. పెళ్ళయిన కొత్తలో, "నేనంటే మీకిష్టమేనా?" అని అడిగిందట. "దేంతో పోలిస్తే?" అన్నాడట ఈయన.

"మూడు రోజులు మాట్లాడలేదండీ వదినగారూ" అని చెప్పింది నాతో.

"మూడు రోజులేనా? నేనైతే మూడు నెలలు మాట్లాడను."

"మూడు రోజుల రెండు గంటలని ఆయన అంటారు."

నాకూ తగిలింది దెబ్బ. ఓ పొద్దున పంచదార నిండుకుంటే, గిన్నె పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడి, "తమ్ముడూ, కొంచెం పంచదార ఉంటే పెట్టవూ" అన్నాను. తీరా అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ ఏం లాభం. లోపలి నుంచి త్రాసు పట్టుకొచ్చాడు. "ఎంత కావాలక్కగారూ? గ్రాముల్లో చెప్పండి." అవతల నా టీ నీళ్ళు మరిగి గిన్నె మాడుతోంది. నోటికొచ్చిన అంకె చెప్పాను, నూట యాభై. మర్నాడు తిరిగి ఇస్తే మళ్ళీ తూచాడు. సాయంత్రం కాగితంలో మడిచిన చిన్న పొట్లం మా తలుపు సందులో ఉంది. పైన రాసి ఉంది: "మీరు నాలుగు గ్రాములు ఎక్కువ ఇచ్చారు." మండదా మరి? ఆ నాలుగు గ్రాముల్నీ వాళ్ళ గుమ్మం ముందు చీమలకి పోసి వచ్చాను.

ఇలాంటి మనిషికి సరిగ్గా ఎదురు మనిషి మా ఇంట్లోనే ఉంది. మా ఆడపడుచు. భర్త పోయిన దగ్గర్నుంచి నా దగ్గరే ఉంటోంది. ఇరవై రెండేళ్ళుగా అదే ఫ్యాక్టరీలో బానలు కడగడం, గొట్టాలు కడగడం దాని పని. అంకె అన్నది దాని నోటెంట రాదు. వయసెంతంటే "ఉంటాయి కొన్ని" అంటుంది. కానీ దాని ముక్కుంది చూశారూ, అలాంటి ముక్కు నేను ఎక్కడా చూడలేదు. వంటింట్లో పాలు పొంగబోతున్నాయని పెరట్లో ఉండి చెప్తుంది. ఫ్యాక్టరీలో బార్లీ నీళ్ళు పెద్ద బానలో మరుగుతుంటే, పక్కనుంచి చీపురుతో పోతూ పోతూ ఒక్కసారి ఆగి వాసన చూసి, "ఇంకాస్త మరగనియ్యి" అంటుంది. లేదంటే "ఇక చాలు, దించేయ్" అంటుంది. చేదు కోసం వేసే ఎండు పువ్వులు కూడా చాలాసార్లు దాని గుప్పిటతోనే పడేవి. బీరు ఎప్పుడూ చెడలేదు. ఎంతయ్యకి మాత్రం రోజూ గొంతు పోయేది.

"ఇంకాస్త అంటే ఎంత?"

"ఇంకాస్తంటే ఇంకాస్తే అన్నయ్యా."

"నిమిషాల్లో చెప్పు."

"నా ముక్కుకి గడియారం ముళ్ళున్నాయా నిమిషాలు చెప్పడానికి?"

ఈ మాటలన్నీ నాకెలా తెలుసంటే, మధ్యాహ్నం దానికి భోజనం డబ్బా పట్టుకెళ్ళేది నేనే. పొద్దున అదే పట్టుకెళ్ళొచ్చు కదా అని అడిగినవాళ్ళకి, చల్లారిపోతుందని చెప్తాను. ఆ మాట నిజమే. కాకపోతే పొద్దున పట్టుకెళ్తే ఆ తర్వాత అక్కడేం జరిగిందో నాకెలా తెలుస్తుంది?

సరే, అసలు కథ ఇక్కడ మొదలు. ఫ్యాక్టరీ ఓనరు మంచాన పడ్డాక పెత్తనం ఆయన అల్లుడి చేతికొచ్చింది. అల్లుడుగారు రాగానే ఒక సాఫ్ట్‌వేర్ కొనిపించాడు. అందులో ఒక్కో రకం బీరుకీ ఒక్కో రెసిపీ ఎక్కించాలి. ఏ దినుసు, ఎంత, ఏ కొలతలో, ఎంత వేడి మీద, ఎన్ని నిమిషాలు, అన్నీ. ఒక మెట్టు అయిందని టిక్కు పెడితే తప్ప తర్వాతి మెట్టు తెరుచుకోదు. అయిదొందల లీటర్లకి ఎక్కించినదాన్ని రెండు వేల లీటర్లకి అడిగితే, దానంతటదే నాలుగింతలు చేసి చూపిస్తుంది. ఎక్కించాల్సిన రకాలు ఏడు, గడువు రెండు నెలలు. ఆ పని ఎంతయ్యకి అప్పగించాడు.

అప్పగిస్తూ అందరి ముందూ ఇంకో మాట కూడా అన్నాడు. "రెసిపీలన్నీ ఎక్కాక ఎవరు మీట నొక్కినా బీరు తయారవుతుంది. బానలు కడగడానికి మిషను తెప్పిస్తున్నాను. ఆ పెద్దావిడని రెండు నెలల తర్వాత ఇంటికి పంపించేద్దాం. ఆవిడ చేసే సాయం కొంచెమేగా."

ఆ గదిలో గుమ్మం పక్కన డబ్బా పట్టుకుని నేనూ ఉన్నాను. మా ఆడపడుచు గొట్టం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఎంతయ్య వైపు చూశాను. 'కొంచెం' అన్నాడు కదా, ఇక అల్లుడి పని అయిందనుకున్నాను. సెలూన్ అతన్ని వదల్లేదు, డాక్టరమ్మని వదల్లేదు, నా పంచదార గిన్నెని వదల్లేదు. ఇప్పుడు అడగాలి కదా, కొంచెం అంటే ఎంత అని? అడగలేదు. మెడ మాత్రం ఎర్రబడింది. జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరున్నది నా మీద అరవడానికేనన్నమాట.

"పోనీలే వదినా, ఏదో ఒక పని చూసుకుంటాను" అంది మా ఆడపడుచు ఇంటికొచ్చాక. ఆ పూట కూరలో ఉప్పు తక్కువైన సంగతి కూడా చెప్పలేదు. గిన్నె మూత తియ్యకుండానే వాసనతో ఉప్పు చెప్పే మనిషి అది.

మర్నాటి నుంచి ఎంతయ్య ఆ కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లు వీధిలోకి వినిపించేవి. సందేహాలు తీర్చడానికి సాఫ్ట్‌వేర్ వాళ్ళ అమ్మాయి ఒకతె స్పీకర్ ఫోన్లో ఉండేది. ఆ పిల్ల ఎవరి బిడ్డో గానీ చాలా ఓర్పు గలది.

"సార్, మరిగేటప్పుడు ఎన్ని నీళ్ళు ఆవిరైపోతాయో సుమారుగా వేసేయండి. తర్వాత మార్చుకోవచ్చు."

"సుమారుగానా?"

"అంటే, ఉజ్జాయింపుగా సార్."

"ఈ సాఫ్ట్‌వేర్ నువ్వు ఉజ్జాయింపుగా చేశావా? చేస్తే ముందే చెప్పు, నేను ఇంటికి పోతాను." ఫోన్ బల్ల మీద పెట్టేసి, కొలబద్ద తీసుకుని బాన దగ్గరికి పోయాడు. నీళ్ళు మరిగి తగ్గేదాకా అక్కడే నిలబడి, కొలిచి, అంకె రాసుకుని వచ్చి ఫోన్ ముందు కూర్చున్నాడు. "ఉన్నావా?"

"ఉన్నాను సార్. చాలాసేపటి నుంచీ ఉన్నాను."

"చాలాసేపంటే ఎంత?"

"గంటా పన్నెండు నిమిషాలు సార్."

ఆ ఒక్కరోజు మాత్రం ఎంతయ్య మొహంలో ప్రసన్నత కనిపించింది. ఆ పిల్లకి కూడా ధైర్యం వచ్చినట్టుంది. "కిలోలూ లీటర్లూ కుదరకపోతే మీకు కావలసిన కొలత మీరే చేర్చుకోవచ్చు సార్. బస్తా, డబ్బా, ఏదైనా సరే" అంది. ఎంతయ్య ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు. డబ్బా అనగానే నా చేతిలో డబ్బా వైపు చూసుకున్నాను కాబట్టి నాకు బాగా గుర్తు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత మా ఆడపడుచు వెంట పడ్డాడు. అది పువ్వులు గుప్పిట్లోకి తీసుకుంటే, "ఆగు" అని గుప్పిట కింద త్రాసు పెట్టేవాడు. బాన దగ్గర వాసన చూస్తే పక్కన గడియారం పట్టుకుని నిలబడేవాడు. గడియారం మోగగానే ఒక చిన్న సీసాలో పట్టి చీటీ అంటించేవాడు. మా ఆడపడుచు "చాలు" అన్నాక ఇంకో సీసాలో పట్టి ఇంకో చీటీ అంటించేవాడు. ఒకరోజు ఆ పుస్తకం బల్ల మీద తెరిచి ఉంటే చూశాను. అయిదో తరగతి చదివిన దాన్ని, అంకెలు రావా? ఒకటి నుంచి వరసగా అంకెలు, ఒక్కోదాని ఎదురుగా టిక్కు. పద్దెనిమిదికి మాత్రం అడ్డగీత.

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. మనిషి ముక్కులో ఉన్న విద్యనంతా పిండి కంప్యూటర్లో పోస్తున్నాడు. పోసేశాక మనిషిని బయటకి పంపుతారు. ఇక ఆగలేక నడవాలో పట్టుకున్నాను.

"ఏం తమ్ముడూ, అయిందా దోపిడీ?"

"ఏం దోపిడీ?"

"ఇరవై రెండేళ్ళు పక్కన నిలబడి పనిచేసిన మనిషి. దాని గుప్పిట్లో ఉన్నదంతా లాక్కుని, ఖాళీ గుప్పిటతో ఇంటికి పంపిస్తారా? నీకు కొంచెమైనా జాలి లేదూ?"

మెడ ఎర్రబడింది. "కొంచెం అంటే ఎంత?" అన్నాడు.

డబ్బా నా చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయాను. గుర్తుండి ఉంటే అప్పుడే దాన్ని ఆయన నెత్తిన బోర్లించేదాన్ని.

ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాను. మానేసి ఊరుకోలేదు. వీధి వీధంతా తిరిగి ఒక్క మాట చెప్పొచ్చాను. ఇంకేం. పొద్దున్నే పాలాయన, "ఇవాళ పాలు కొంచెం చిక్కగా ఉన్నాయండీ" అనేవాడు. పేపరు వేసే అతను, "కొంచెం ఆలస్యమైంది సార్" అనేవాడు. సెలూన్ అతనైతే పాత కక్షంతా తీర్చుకుంటూ, పని మానుకుని మరీ బయటికొచ్చి, "మీరు కొంచెం చిక్కినట్టున్నారే" అనేవాడు. ఎంతయ్య ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "ఎంత? ఎంత? ఎంత?" అని అరిచి అరిచి వారం తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. భార్య వేడినీళ్ళు ఇచ్చి, "కొద్దిగా ఉప్పు వేశాను, పుక్కిలించండి" అందట. ఆవిడ నా మాట విని అందో, మామూలుగానే అందో ఇప్పటికీ చెప్పదు.

గడువు రోజు వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్‌తో మొదటి బీరు తానే చేయిస్తానని అల్లుడుగారు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎంతయ్య వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆడపడుచు తన చెప్పులూ, గిన్నే ఒక సంచిలో సర్దుకుని, ఆఖరుసారి బానలు కడగడానికి పోయింది. నేను డబ్బాతో గుమ్మంలో ఉన్నాను. ఆ పూట మామూలు కన్నా గంట ముందే వెళ్ళాను.

అల్లుడుగారు ఒక్కో మెట్టుకీ టిక్కు పెడుతున్నాడు. బార్లీ ఇన్ని కిలోలు, నీళ్ళు ఇన్ని లీటర్లు, వేడి ఇంత. "చూశారా, ఎంత సులువో" అంటున్నాడు. అవతల బాన మరుగుతోంది. అరవై నిమిషాలకి గడియారం మోగింది. తర్వాతి మెట్టు నొక్కాడు. తెరుచుకోలేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నేను గుమ్మంలోంచి చదివాను.

మరుగు ఆపే ముందు. పరిమాణం: 1. కొలత: ముక్కు.

"ఏంటిది?" అన్నాడు అల్లుడుగారు.

"కొలత" అన్నాడు ఎంతయ్య బొంగురు గొంతుతో. "కిలో, లీటరు, ముక్కు."

"ముక్కు కొలతేంటండీ?"

"కావలసిన కొలత చేర్చుకోవచ్చని మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళే చెప్పారు. తేదీ, టైముతో రాసుకున్నాను."

"ఎవరి ముక్కు?"

"కింద ఉంది చూడండి. టిక్కు పెట్టే అధికారం ఒక్కరికే ఉంది."

కింద ఉన్నది మా ఆడపడుచు పేరు. ఇంటిపేరుతో సహా. ఆ పేరు పూర్తిగా రాసి ఉండగా చూడటం దాని పెళ్ళి శుభలేఖ తర్వాత నాకు అదే మొదలు.

అల్లుడుగారికి కోపం వచ్చింది. వచ్చిన కోపంలో తెలివి కూడా వచ్చిందనుకున్నాడు. "ఇది చిన్న బ్యాచ్ కాబట్టి ఇలా చూపిస్తోంది. పెద్దదానికి ఇవన్నీ ఉండవు" అని రెండు వేల లీటర్లు నొక్కాడు. సాఫ్ట్‌వేర్ అన్నిటినీ నాలుగింతలు చేసింది. బార్లీ నాలుగింతలు, నీళ్ళు నాలుగింతలు. ముక్కులు: 4.

నేను ముక్కున వేలేసుకున్నాను. ఇంకెక్కడ వేసుకోను?

"ఈ మెట్టు తీసేయండి. ఇప్పుడే" అన్నాడు అల్లుడుగారు.

అప్పుడు ఎంతయ్య చేతులు విప్పాడు. "ఆ రోజు మీరొక మాటన్నారు. ఆవిడ చేసే సాయం కొంచెమేగా అని. కొంచెం అంటే ఎంతో నాకు ఆ రోజు తెలీదు. తెలీకుండా అడిగితే మీరూ నోటికొచ్చింది చెప్పేవారు. అందుకని నేనే కొలిచాను." పుస్తకం తీసి బల్ల మీద కొట్టాడు. "ముప్పైసార్లు బీరు చేశాం. ముప్పైసార్లూ గడియారం చెప్పినప్పుడు ఒక సీసా, ఆవిడ చాలన్నప్పుడు ఒక సీసా తీసి, ఏది ఏదో చెప్పకుండా ల్యాబ్‌లో పరీక్షకి పంపాను. ఇరవై తొమ్మిదిసార్లు ఆవిడ సీసాయే గెలిచింది. పద్దెనిమిదోసారి ఆవిడకి జలుబు. ఇదీ మీ కొంచెం. ఈ కొలత తీసేయమంటే తీసేస్తాను. తీసేయమన్నానని ఇక్కడ రాసి సంతకం పెట్టండి."

అల్లుడుగారు కలం వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. అవతల బాన మరుగుతూనే ఉంది. మెట్టు తెరుచుకోదు, బీరు ముందుకి పోదు.

"ఆ ముక్కుని పిలవండి" అన్నాడు చివరికి.

మా ఆడపడుచు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఏం జరిగిందో దానికి తెలీదు. బాన దగ్గర ఆగి గాలి పీల్చింది. "బార్లీకి వచ్చే ఆ ఉడికిన మొక్కజొన్న లాంటి వాసన ఇంకా పోలేదు. ఇంకాస్త మరగాలి" అంది.

"ఇంకాస్త అంటే ఎంత?" అని అరిచాడు ఎంతయ్య, అలవాటు కొద్దీ.

"గడియారం నీ చేతిలోనే ఉందిగా అన్నయ్యా. నేను చాలన్నప్పుడు చూసుకో."

కాసేపటికి "చాలు" అంది. ఆరు నిమిషాల పది సెకన్లు. దాని వేలు పట్టుకుని ఏ మీట నొక్కాలో ఎంతయ్యే చూపించాడు. ఎర్ర అక్షరాలు పచ్చబడ్డాయి.

సంచిలో చెప్పులు మళ్ళీ కాళ్ళకి వచ్చాయి. ఏడు రెసిపీల్లోనూ అదే మెట్టు ఉందని తర్వాత తెలిసింది. పెద్ద బ్యాచ్‌కి నాలుగు ముక్కులు కావాలంటోంది కదా, ఒక్క ముక్కుకి దించమని అల్లుడుగారు బతిమాలాడట. "పద్దెనిమిదోసారి జలుబు చేసింది. మళ్ళీ చేస్తే? నాలుగే సరైన లెక్క" అని ఎంతయ్య దించలేదు. అందుకని మా ఆడపడుచు ఇప్పుడు ఇంకో ముగ్గురికి వాసన చూడటం నేర్పుతోంది. నేనూ వెళ్ళాను, ఖాళీగా ఉన్నాను కదా అని. ఒక్క పూటకే పంపించేసింది. "వదినా, నీ ముక్కు మనుషుల సంగతులకే పనిచేస్తుంది, బీరుకి పనికిరాదు" అంది.

ఇక నా వంతు మిగిలింది. రెండు నెలలు తిట్టినదాన్ని, వీధినంతా ఉసిగొల్పినదాన్ని. టీ చేసి, రెండు గ్లాసులు పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. పంచదార తూచి మరీ వేశాను.

"తమ్ముడూ, తప్పుగా అనుకున్నాను. నీ మీద కోపం పోయింది."

గ్లాసు అందుకుంటూ, "ఎంత?" అన్నాడు.

ఒళ్ళు మండింది. "కొంచెం" అన్నాను.

మెడ ఎర్రబడటం చూశాను. నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఒక గుక్క తాగి, మొహం అటు తిప్పుకుని, "చాలు" అన్నాడు.

"చాలంటే ఎంత?" అన్నాను.

గ్లాసుతో సహా లోపలికి పోయి తలుపు వేసేసుకున్నాడు. ఆ గ్లాసు నాకింకా తిరిగి రాలేదు.